బెంగళూరు కళలు, కట్టడాలు, సంగీతం, బీరు తయారీ

బెంగళూరు కర్ణాటక రాష్ట్ర రాజధాని. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి దక్షిణ భాగంలో ఉన్నది. సమాచార సాంకేతిక రంగానికి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఈ నగరానికి అంతకంటె చాలా పాతదైన కళా చరిత్ర కూడా కలదు. ఆలయాలు, కోటలు, ఆంగ్లేయుల కాలపు భవనాలు, చిత్రశాలలు, సంగీత సభలు, ఇటీవలి కాలంలో వెలసిన చిన్న బీరు తయారీశాలలు ఈ చరిత్రలో భాగాలు. రాయలసీమకు, ముఖ్యంగా పూర్వపు అనంతపురం జిల్లా దక్షిణ ప్రాంతానికి, అతి దగ్గరలోని మహానగరం ఇదే. ఈ నగర కళలలో తెలుగు భాషకు, తెలుగు నేలకు ఉన్న పాలు తక్కువేమీ కాదు.

నగరపు అధికారిక నామం 2014 నవంబరు 1 నుండి ఆంగ్లంలో కూడా బెంగళూరుగా మారినది. తెలుగువారు మాత్రం ముందునుండీ ఈ పేరుతోనే పిలుస్తున్నారు.

సోమందేపల్లె నుండి బెంగళూరు

సోమందేపల్లె శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. హైదరాబాదు - బెంగళూరు రహదారి పెనుకొండ దాటిన తరువాత ఈ ఊరి మీదుగా పోవును. పూర్వం 7వ నంబరు జాతీయ రహదారిగా ఉన్న ఈ మార్గానికి ఇప్పుడు 44వ నంబరు. ఇక్కడి నుండి హిందూపురానికి మరొక రోడ్డు చీలుతుంది.

ఈ ప్రాంతం దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. అనంతపురంలో ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. బెంగళూరులో ఇంచుమించు 970 మిల్లీమీటర్లు పడుతుంది. వేరుశనగ పంట చేతికిరాని సంవత్సరాలలో ఇక్కడి రైతులు, కూలీలు బెంగళూరుకు వలస పోవడం ఏళ్ళ తరబడి జరుగుతున్నది. వారిలో చాలామందికి దొరికేది భవన నిర్మాణపు పని. కాబట్టి ఈ ప్రాంతపు అనేక కుటుంబాలకు బెంగళూరు చూడబోయే ఊరు కంటె ముందు పనికి పోయే ఊరు. నగరంలో ఇటీవల లేచిన భవనాలలో రాయలసీమ కూలీల శ్రమ కూడా కలదు.

బెంగళూరుకు పోవు దారిలోనూ చూడదగినవి ఉన్నాయి. చిక్కబళ్ళాపురం సమీపాన నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం తొమ్మిదవ శతాబ్ది నాటిది. దేవనహళ్ళి టిప్పు సుల్తాను జన్మస్థలం. ఇక్కడి కోట గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. దేవనహళ్ళి వద్దనే 2008లో నగరపు కొత్త విమానాశ్రయం ప్రారంభమైనది. దాని ఆవరణలో 108 అడుగుల కెంపెగౌడ కంచు విగ్రహాన్ని 2022 నవంబరులో ఆవిష్కరించారు. దీని శిల్పి రామ్ సుతార్.

చరిత్ర

బేగూరులో దొరికిన సుమారు 890వ సంవత్సరపు వీరగల్లు శాసనంలో "బెంగళూరు" అన్న పేరు కనబడుతుంది. నేటి నగరానికి మూలపురుషుడు మాత్రం యలహంక ప్రభువైన మొదటి కెంపెగౌడ. విజయనగర చక్రవర్తులకు సామంతుడైన ఇతడు 1537లో మట్టి కోటను, దానిలో వృత్తులవారీగా పేటలను నిర్మించినాడు. చిక్కపేట, బళేపేట, అక్కిపేట మొదలైన పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

అచ్యుత దేవరాయల పాలనలో, ఇంచుమించు ఈ కాలంలోనే, పెనుకొండ అధికారియైన విరూపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో కలిసి లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించినాడు. అనగా లేపాక్షి, బెంగళూరు ఒకే సామ్రాజ్యపు నీడలో, ఒకే తరంలో రూపుదిద్దుకొన్నాయి. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారు.

1638లో బెంగళూరును బిజాపూరు సేనలు గెలుచుకొన్నాయి. అటు తరువాత అది శివాజీ తండ్రి షాహాజీకి జాగీరుగా ఉండెను. 1687లో మొగలులు ఆక్రమించి, కొద్ది కాలానికే మైసూరు రాజైన చిక్కదేవరాజ ఒడెయరుకు అప్పగించారు. హైదర్ అలీ 1761లో మట్టి కోటను రాతితో తిరిగి కట్టించినాడు. 1791లో కారన్‌వాలీసు సేన ఈ కోటను పట్టుకొన్నది. 1809లో ఆంగ్లేయుల సైనిక స్థావరం, అనగా కంటోన్మెంటు, ఏర్పడినది. అప్పటినుండి పడమటి వైపు పాత పేట, తూర్పు వైపు దండు ప్రాంతం వేరువేరు ఊళ్ళవలె పెరిగినవి. ఈ రెండింటి భేదం నగరపు కట్టడాలలో, సంగీతంలో, తిండిలో, పానీయాలలో ఇప్పటికీ తెలుస్తుంది.

వాస్తు శిల్పం

ఆలయాలు

బసవనగుడిలోని దొడ్డ బసవణ్ణ ఆలయంలో ఒకే రాతిలో మలచిన సుమారు 4.5 మీటర్ల ఎత్తైన నంది కలదు. లేపాక్షి ఏకశిలా నందిని చూసినవారికి ఈ రెండింటి పోలిక వెంటనే స్ఫురిస్తుంది. లేపాక్షి నంది ఆరుబయట కూర్చొని ఉండగా, బెంగళూరు నంది గర్భగుడిలో ఉండి, నూనె పూతలతో నల్లబడి ఉన్నది. ఏటా కార్తీక మాసపు చివరి సోమవారం నాడు ఇక్కడ కడలెకాయి పరిషె, అనగా వేరుశనగకాయల తిరునాళ్ళు, జరుగుతుంది. పంటను తినివేసే బసవన్నను శాంతింపజేయుటకు రైతులు తొలి పంటను సమర్పించినారన్నది ఐతిహ్యం. పొరుగు రాష్ట్రాల నుండి కూడా రైతులు, వర్తకులు కాయలు తెచ్చి అమ్ముతారు. వేరుశనగనే నమ్ముకొన్న అనంతపురం ప్రాంతంవారికి ఈ తిరునాళ్ళ అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

గవి గంగాధరేశ్వరాలయం సహజమైన గుహలో ఉన్నది. మకర సంక్రాంతినాటి సాయంకాలం సూర్యకిరణాలు ముంగిటి నంది కొమ్ముల మధ్యగా వచ్చి లింగంపై పడతాయి. పాత పేటలోని ధర్మరాయ స్వామి ఆలయంలో చైత్ర పౌర్ణమినాడు కరగ ఉత్సవం జరుగుతుంది. ఊరేగింపు మస్తాన్ సాహెబు దర్గా వద్ద ఆగి సాగడం ఆచారం.

కోటలు, ఉద్యానవనాలు

హైదర్ అలీ 1781లో ఆరంభించిన వేసవి విడిది భవనాన్ని టిప్పు సుల్తాను 1791లో పూర్తి చేయించినాడు. టేకు కంబాలతో, చెక్క కమానులతో రెండంతస్తులుగా నిర్మించబడిన ఈ భవనం కృష్ణరాజ మార్కెట్టు సమీపంలో ఉన్నది.

లాల్‌బాగ్ తోటను 1760లో హైదర్ అలీ ప్రారంభించినాడు. ఇందులోని గాజు మందిరానికి 1889 నవంబరు 30న పునాది వేశారు. లండను క్రిస్టల్ ప్యాలెస్ దీనికి నమూనా. జనవరి, ఆగస్టు నెలలలో ఇక్కడ పుష్ప ప్రదర్శనలు జరుగుతాయి. తోటలోని రాతి గుట్ట సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటి నైసు శిల. దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పీఠభూమి రాయి ఎంత పాతదో తెలుసుకొనుటకు విద్యార్థులకు ఇది మంచి ప్రత్యక్ష పాఠం.

ఆంగ్లేయుల కాలపు కట్టడాలు

రిచర్డ్ శాంకీ అను సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో 1868లో అఠారా కచేరి పూర్తయినది. పద్దెనిమిది ప్రభుత్వ శాఖల కార్యాలయాలు ఇందులో ఉండినందున ఆ పేరు వచ్చినది. ఎర్రని రంగు, ఎత్తైన స్తంభాల వరుస గల ఈ భవనంలో ప్రస్తుతం కర్ణాటక హైకోర్టు ఉన్నది. 1980లలో దీనిని కూల్చాలన్న ప్రతిపాదన రాగా, పౌరుల అభ్యంతరం వలన భవనం దక్కినది. దీని ఎదుట 1870లో కబ్బన్ పార్కు ఏర్పడినది. శివాజీనగరంలోని సెయింట్ మేరీ బసిలికా 1882 నాటిది. ట్యూడరు పద్ధతిలో కట్టిన బెంగళూరు ప్యాలెస్‌ను మైసూరు రాజ కుటుంబం తరఫున 1873లో కొన్నారు.

స్వాతంత్ర్యానంతర కట్టడాలు

విధాన సౌధకు 1951 జూలై 13న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1956లో నిర్మాణం పూర్తయినది. ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య దీనికి కర్త, వాస్తుశిల్పి బి.ఆర్. మాణిక్యం. ఎదురుగా ఉన్న అఠారా కచేరి పరాయి పాలకుల గుర్తు కాగా, నల్లరాతితో, ద్రావిడ పద్ధతి స్తంభాలతో, గోపురాలతో స్వదేశీ ప్రజాపాలనకు రూపమివ్వడం దీని ఉద్దేశం. రెండు భవనాలను ఒకేచోట నిలబడి చూచుట వలన ఈ వాదం సులభంగా బోధపడుతుంది.

బన్నేరుఘట్ట రోడ్డులోని భారతీయ నిర్వహణ సంస్థ భవనాలు బాలకృష్ణ దోషీ రూపొందించినవి. ఫతేపూర్ సిక్రీ నుండి స్ఫూర్తి పొందిన ఈ ఆవరణలో సన్నికెలు తీర్చిన స్థానిక రాతి గోడలు, పందిళ్ళ కింద నీడ దారులు కలవు. కట్టడం, తోట వేరు చేయలేనంతగా కలిసిపోయి ఉంటాయి.

చిత్రకళ

ప్రభుత్వ మ్యూజియం 1865లో స్థాపించబడి, 1877 నుండి కస్తూర్బా రోడ్డులోని ప్రస్తుత భవనంలో ఉన్నది. దాని పక్కన వెంకటప్ప చిత్రశాల 1975లో ఏర్పడినది. కె. వెంకటప్ప (1886 - 1965) మైసూరు ఆస్థాన చిత్రకారుల కుటుంబంలో పుట్టి, కలకత్తాలో అవనీంద్రనాథ ఠాగూరు వద్ద అభ్యసించినాడు. నీలగిరుల దృశ్యాలకు, ప్లాస్టరు శిల్పాలకు ప్రసిద్ధుడు. 2016లో ఈ చిత్రశాలను ప్రైవేటు సంస్థ నిర్వహణకు ఇవ్వాలన్న ఒప్పందాన్ని నగర కళాకారులు బహిరంగంగా వ్యతిరేకించారు.

కర్ణాటక చిత్రకళా పరిషత్తు 1960లో ఏర్పడినది. కుమారకృపా రోడ్డులోని ఈ సంస్థలో కళాశాల, ప్రదర్శనశాలలు ఉన్నాయి. మైసూరు సంప్రదాయ చిత్రాలు, రోరిక్ చిత్రాలు, తోలుబొమ్మలు ఇక్కడి సేకరణలో ముఖ్యమైనవి. తోలుబొమ్మల కళకు సోమందేపల్లె పరిసరాలతో దగ్గరి బంధం కలదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట గ్రామం ఈ బొమ్మల తయారీకి పేరు పొందినది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. బొమ్మలాటకు ఊళ్ళలో ఆదరణ తగ్గిన తరువాత అదే తోలుతో దీపపు గుమ్మటాలు, గోడ చిత్రాలు చేసి నగరాలలో అమ్మడం వారికి జీవనాధారమైనది. పరిషత్తు వద్ద ఏటా జనవరి మొదటి వారాలలో జరిగే చిత్రసంతెలో రోడ్డు పొడవునా చిత్రకారులు తమ చిత్రాలను తామే అమ్ముకొంటారు. ప్రదర్శనశాల గడప తొక్కడానికి జంకేవారు కూడా ఇక్కడ సంకోచం లేకుండా తిరుగుతారు.

జాతీయ ఆధునిక చిత్రశాల 2009 ఫిబ్రవరిలో ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనంలో ప్రారంభమైనది. చిత్రాలు, ఛాయాచిత్రాలు గల ప్రైవేటు మ్యూజియం "మ్యాప్" 2023 ఫిబ్రవరిలో కస్తూర్బా రోడ్డులో తెరవబడినది.

సంగీతం

కర్ణాటక సంగీతం

బెంగళూరు గాయన సమాజం 1905లో స్థాపించబడినది. చామరాజపేటలోని శ్రీరామ సేవా మండలి 1939 నుండి రామనవమి సంగీతోత్సవాలను నిర్వహించుచున్నది. కోట ఉన్నత పాఠశాల మైదానంలో పందిరి వేసి జరిపే ఈ కచేరీలు నెలకు పైగా సాగుతాయి. 1980లో నిర్మించబడిన చౌడయ్య స్మారక భవనం వయొలిన్ ఆకారంలో ఉన్నది. ఏడు తంత్రుల వయొలిన్ వాయించిన మైసూరు టి. చౌడయ్య (1895 - 1967) జ్ఞాపకార్థం దీనిని కట్టారు.

ఈ వేదికలపై పాడే కృతులలో అధిక భాగం తెలుగువి. త్యాగరాజ కీర్తనలే గాక, మైసూరు ఆస్థాన విద్వాంసుడు వాసుదేవాచార్యులు (1865 - 1961) రచించిన కృతులు కూడా ఎక్కువగా తెలుగు, సంస్కృత భాషలలో ఉన్నాయి. కన్నడ నగరంలో, కన్నడ శ్రోతల ఎదుట, తెలుగు సాహిత్యం శతాబ్దానికి పైగా నిత్యం వినబడుచున్నది.

నగరం పేరును తన పేరులో ధరించిన బెంగళూరు నాగరత్నమ్మ (1878 - 1952) ఈ బంధానికి గొప్ప ఉదాహరణ. మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టి, బెంగళూరులో పేరు గడించి, తరువాత మద్రాసులో స్థిరపడినది. దేవదాసీ కుటుంబానికి చెందిన ఈమె 18వ శతాబ్దిలో తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని తెలుగులో రచించిన "రాధికా సాంత్వనము"ను 1910లో పూర్తి పాఠంతో పరిష్కరించి ప్రచురింపజేసినది. స్త్రీ శృంగారం రాయడాన్ని తప్పుపట్టిన పండితులను ఎదిరించినది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించగా, ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. శిథిలమైన త్యాగరాజ సమాధికి తన సొమ్ముతో తిరువయ్యారులో ఆలయం కట్టించినది కూడా ఈమెయే. స్త్రీలు పాడుటకు వీలులేని ఆ ఉత్సవంలో వారికి చోటు కొరకు పోరాడి సాధించినది.

పాశ్చాత్య సంగీతం

కంటోన్మెంటు ప్రాంతంలో సైనిక వాద్య బృందాల కాలం నుండి పాశ్చాత్య సంగీతానికి ఆదరణ కలదు. 1996లో ఏర్పడిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్, కన్నడ జానపదాన్ని మేళవించిన రఘు దీక్షిత్ ప్రాజెక్ట్, స్వరాత్మ ఇక్కడి ప్రసిద్ధ బృందాలు. ప్యాలెస్ మైదానంలో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా కచేరీలు జరిగాయి. జె.పి. నగర్‌లో 2019లో తెరవబడిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియెన్స్ సంగ్రహాలయంలో జానపదం నుండి సినిమా పాటల వరకు వినుటకు ఏర్పాట్లు కలవు.

బీరు తయారీ

పాత కర్మాగారాలు

బెంగళూరులో బీరు చరిత్ర కంటోన్మెంటుతో ఆరంభమైనది. ఆంగ్ల సైనికుల కొరకు దక్షిణాదిలో పలు తయారీశాలలు వెలిశాయి. బెంగళూరు బ్రూయింగ్ కంపెనీ 1885 నాటిది. 1915లో థామస్ లీష్‌మన్ అను స్కాట్లండు దేశీయుడు ఐదు తయారీశాలలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ సంస్థను స్థాపించినాడు. 1947లో విఠల్ మాల్యా ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినాడు. ఈ సంస్థ కింగ్‌ఫిషర్ బీరును 1978లో విడుదల చేసినది. 2021లో డచ్చి సంస్థ హైనెకెన్ దీనిపై ఆధిపత్యం పొందినది. నగర మధ్యలోని పాత కర్మాగారం తొలగిపోయి, ఆ స్థలంలో యు.బి. సిటీ అను వాణిజ్య భవన సముదాయం 2008లో తెరవబడినది.

చిన్న తయారీశాలలు

1980ల చివరి నుండి నగరంలో పబ్బులు పెరిగాయి. తయారుచేసిన చోటనే అమ్మే చిన్న తయారీశాలలు, అనగా మైక్రో బ్రూవరీలు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో 2010 తరువాత ఆరంభమైనవి. ఇందిరానగర్‌లోని టాయిట్, విఠల్ మాల్యా రోడ్డులోని బియర్ క్లబ్, మాగ్రత్ రోడ్డులోని ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ తొలి తరానికి చెందినవి. వీటిలో విండ్‌మిల్స్‌ను పుస్తకాలు, జాజ్ సంగీత వేదికలతో కలిపి రూపొందించారు.

తయారీ విధానం

బీరుకు కావలసినవి నాలుగు: మాల్టు, నీరు, హాప్స్ పువ్వులు, ఈస్టు. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టగా మాల్టు అవుతుంది. దీనిని నూకగా ఆడించి, సుమారు 65 డిగ్రీల వేడి నీటిలో నానబెడితే గింజలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిని వడకట్టి, హాప్స్ వేసి, గంటసేపు మరిగిస్తారు. హాప్స్ వలన చేదు, సువాసన వస్తాయి. చల్లార్చిన తరువాత ఈస్టు చేర్చగా అది చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చును. సుమారు 20 డిగ్రీల వద్ద త్వరగా పులిసేది ఏల్, 10 డిగ్రీల ప్రాంతంలో నిదానంగా పులిసేది లాగర్. గోధుమ కలిపిన బీరులో అరటిపండు, లవంగాల వాసన వచ్చుటకు అందులో పండు గాని, లవంగం గాని వేయరు. ఆ వాసన ఈస్టు నుండి పుట్టును. స్టౌటు నలుపు రంగుకు మాడ్చి వేయించిన గింజలు కారణం.

గ్రామాలలో గీసే ఈత కల్లుకు, దీనికి ముఖ్య భేదం ఇదే. కల్లులో చక్కెర చెట్టులోనే ఉండి, గాలిలోని ఈస్టుతో దానంతట అదే పులుస్తుంది. ధాన్యంలో ఉన్న పిండిని ముందుగా చక్కెర చేయనిదే బీరు కాదు.

బార్లీ ఉత్తర భారతం నుండి, హాప్స్ ఎక్కువగా విదేశాల నుండి వస్తాయి. స్థానికతకై కొందరు తయారీదారులు రాగి, మామిడి, పనస వంటివి చేర్చి ప్రయోగాలు చేశారు. రాగి ఈ పీఠభూమిలో కొద్దిపాటి వానకు పండే ధాన్యం.

చట్టం, నీరు

కర్ణాటక ఎక్సైజు నియమాల ప్రకారం 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మరాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా వాహనం నడపడం దేశమంతటా నేరం.

ఒక లీటరు బీరుకు, పాత్రలు కడుగుటతో కలిపి, అనేక లీటర్ల నీరు ఖర్చగును. బెంగళూరు తాగునీటిలో పెద్ద భాగం సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి ఎత్తిపోసే కావేరి నీరు. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరంలో తీవ్ర నీటి ఎద్దడి ఏర్పడినది. కరువు ప్రాంతం నుండి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ కూడా ట్యాంకరు నీటి కొరకు వరుసలో నిలబడవలసి వచ్చినది.

సందర్శన

హిందూపురం, పెనుకొండల నుండి బెంగళూరుకు రైళ్ళు, బస్సులు కలవు. నగరంలో మెట్రో రైలు అనుకూలమైనది. ఊదా మార్గంలో కబ్బన్ పార్కు, విధాన సౌధ, ఇందిరానగర్ స్టేషన్లు, పచ్చ మార్గంలో కృష్ణరాజ మార్కెట్టు, నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్ స్టేషన్లు ఉన్నాయి. రెండు మార్గాలు మెజెస్టిక్ వద్ద కలుస్తాయి. ఒక రోజు పాత పేట, టిప్పు భవనం, బసవనగుడి, లాల్‌బాగ్, మరొక రోజు కబ్బన్ పార్కు చుట్టూ ఉన్న భవనాలు, చిత్రశాలలు చూచుట వీలుగా ఉంటుంది. ప్రభుత్వ మ్యూజియం, జాతీయ ఆధునిక చిత్రశాలలకు సోమవారం సెలవు. సంగీతంపై ఆసక్తి కలవారికి రామనవమి కాలం అనువైనది.

బయలుదేరుటకు ముందు లేపాక్షిని చూచుట మేలు. అక్కడి నందిని, నాట్య మండప కప్పుపై చిత్రాలను, అసంపూర్తి కళ్యాణ మండపాన్ని చూచిన కన్నులకు బెంగళూరు రాతి పని పరాయిదిగా తోచదు. లేపాక్షి ఆలయాన్ని, ఏకశిలా నందిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

ఇవి కూడా చూడండి

లేపాక్షి
పెనుకొండ
హిందూపురం
తోలుబొమ్మలాట
బెంగళూరు నాగరత్నమ్మ
ముద్దుపళని
మైసూరు వాసుదేవాచార్యులు